బీదర్‌లో సగం మిగిలిన మదరసా

హైదరాబాద్ నుంచి జహీరాబాద్ మీదుగా బీదర్‌కి దాదాపు మూడు గంటలు పట్టింది. కోట కోసమే బయల్దేరాం. మహమూద్ గవాన్ మదరసాను దారిలో ఓ పది నిమిషాలు చూసి వచ్చేద్దామనుకున్నాం. సాయంత్రం వెళ్లేసరికి ముందుగోడంతా నీడ. రంగులు వెలిసిపోయిన పాత గోడలా ఉంది. "ఇంతేనా?" అంది మా ఆవిడ. ఆ గోడ తూర్పు ముఖం అన్న సంగతి రాత్రి లాడ్జిలో పడుకున్నాక గానీ నాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లాం. ఎండ నేరుగా గోడ మీద పడుతోంది. నీలం, ఆకుపచ్చ, పసుపు, తెలుపు పలకలు తడి ఆరనట్టు మెరుస్తున్నాయి. పైన అరబిక్ అక్షరాల పట్టీ, పక్కన దాదాపు 130 అడుగుల మినార్, దాని ఒంటిమీద మెలికలు తిరిగిన పలకల వరసలు. చాలాచోట్ల పలకలు రాలిపోయి సున్నం కనిపిస్తోంది. అయినా మిగిలిన ముక్కల్ని బట్టి మొత్తం గోడని ఊహించుకుంటూ నిలబడటంలో ఓ సరదా ఉంది.

గవాన్ ఇరాన్‌లోని గిలాన్ నుంచి వర్తకుడిగా వచ్చి బీదర్ రాజధానిగా ఏలిన బహమనీ సుల్తానుల కొలువులో వజీరయ్యాడు. 1472లో కట్టించిన ఈ బడిలో తన వైపు పద్ధతే పెట్టాడు: నడుమ విశాలమైన ముంగిలి, చుట్టూ మూడంతస్తుల్లో విద్యార్థుల గదులు, పాఠాలకు పెద్ద హాళ్లు, ఒక మసీదు, 3,000 రాతప్రతులుండేవని చెప్పే గ్రంథాలయం. సమర్‌కంద్ మదరసాల ఫొటోలు చూసినవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. ఇంత చేసిన మనిషిని 1481లో ఓ దొంగ ఉత్తరం నమ్మి సుల్తానే చంపించాడు.

ఔరంగజేబు కాలంలో లోపల మందుగుండు పేలి ముఖద్వారం, దక్షిణం వైపు చాలా భాగం కూలిపోయాయి. ముందున్న రెండు మినార్లలో ఒక్కటే మిగలడం అందుకే. నాకు మాత్రం ఆ విరిగిన చోటే ఎక్కువ నచ్చింది. గోడ ఎంత మందమో, కమాను ఎలా నిలిచిందో అక్కడే తెలుస్తుంది.

బస గురించి: బస్టాండ్ దగ్గరి లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది. వేడినీళ్లు మాత్రం బకెట్‌తో మోసుకోవాల్సి వచ్చింది, రాత్రంతా హారన్ల మోత. డబ్బుకి తగ్గట్టే అనుకోండి. భోజనానికి నానక్ ఝీరా గురుద్వారాలో లంగర్‌కి (అందరికీ ఉచితంగా పెట్టే భోజనం) వెళ్లాం. రొట్టె, పప్పు తృప్తిగా పెట్టారు.

మదరసా నుంచి చౌబారా బురుజు నడిచేంత దూరమే. బిద్రీ సామాను (వెండి తీగ పొదిగిన నల్లటి లోహపు వస్తువులు) కొనాలంటే దుకాణంలో కాకుండా, వెండి తీగ పొదిగే చోట కాసేపు కూర్చుని చూసి కొనండి. నల్లరంగు కోసం కోట మట్టి వాడతారు. మేం ఓ చిన్న డబ్బా తెచ్చుకున్నాం, బేరం ఆడకుండానే.