రెండడుగుల సందుల అవుట్‌డోర్: నల్గొండల మా ఏసీకి రెండుసార్లు జరిగిన ఫిట్టింగ్ ముచ్చట

మే నెల రెండో వారం, పగటాల రెండున్నర. ఏసీ 24 మీద నడుస్తున్నది. మా ఇంటామె దాని కిందనే కూసోని విసనకర్ర ఊపుకుంటున్నది. నా దిక్కు సూసి ఒక్కటే మాట అన్నది: "ఇన్ని పైసలు పోసి ఇంకో ఫ్యాను కొన్నవా?"

ఏసీ కొన్నది నేను కాదు, హైదరాబాదుల ఉద్యోగం చేసే మా చిన్నోడు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది గద, ఎండలు ముదరకముందే కొందామని ఆన్‌లైన్‌ల పెట్టేసిండు. ఒకటిన్నర టన్ను, ఇన్వర్టర్ రకం. డబ్బా మీద నాకు ఏ కంప్లయింట్ లేదు, అందుకే పేరు కూడ రాస్తలేను. నా గొడవంత దాన్ని బిగించినోళ్లతోని.

కంపెనీ తరపున కాంట్రాక్టు పిల్లలు ఇద్దరు పొద్దుగూకినంక ఏడింటికి బండి మీద వచ్చిండ్రు. నిచ్చెన తేలేదు. అవుట్‌డోర్, అంటే బయట బిగించే ఏసీ డబ్బా, ఉత్తరం గోడకు పెట్టుండ్రి, అక్కడ సజ్జ నీడ ఉంటది, ముందర ఖాళీ జాగ ఉన్నది అని చెప్పిన. "అంకుల్, పైపు ఎక్కువ పడ్తది, పైసలు దండుగ" అన్నరు. మా పడమటి గోడకు, పక్కింటోళ్ల గోడకు నడుమ రెండడుగుల సందు ఉన్నది. అండ్ల పెట్టిండ్రు. ఫ్యాను మొకం పక్కింటోళ్ల గోడకు, ఈపు మా గోడకు. చిన్నోడు వీడియో కాల్‌ల "వాక్యూమ్ చేసిండ్రా, పంపుతోని పైపులల్ల గాలి గుంజిండ్రా?" అని అడిగితే, "కొత్త మిషన్ సార్, అవసరం లేదు" అని ఒక నట్టు జర వదులు చేసిండ్రు. ఉస్స్‌మని గ్యాస్ కొంచెం బయటికి ఇడిచి మళ్ల బిగించిండ్రు. నలభై నిమిషాలల్ల పని అయిపోయింది. స్టాండు, పైపు, కూలి కలిపి 2,950 తీస్కొని పోయిండ్రు. నేను తెల్వక ఊకున్న.

ఏప్రిల్‌ల మంచిగనే నడిచింది. ఎండ 43 దాటినంక సురువైంది కథ. పొద్దుగాల చల్లగ, పగటాల ఉత్త గాలి. అవుట్‌డోర్ లారీ లెక్క ఒర్రుడు, కొంచెంసేపటికి ఆగుడు, మళ్ల ఒర్రుడు. సన్న పైపు మీద తెల్లగ మంచు. ఫోన్ల కంప్లయింట్ పెడితే మనిషి రాలే గని "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. రెండుసార్లు గట్లనే. మూడోసారి ఒకాయన వచ్చి, సందుల దిక్కు తల కూడ తిప్పకుండ, గ్యాస్ అయిపోయింది 3,500 అన్నడు. కొన్నది రెండు నెలల కింద, గ్యాస్ ఎట్ల అయిపోతది? పంపించేసిన.

గప్పుడు మా పాత ఆర్టీసీ డిపో ఎలక్ట్రిషియన్ ఒకాయన చెప్తే ప్రకాశం బజార్ దిక్కు ఉండే ఒక చిన్న షాపుకు పోయిన. బోర్డు కూడ సరిగ్గ కనబడదు, ముందర పాత కూలర్లు, కంప్రెసర్లు కుప్ప పోసి ఉంటయి. ఓనరే మెకానిక్, యాభై ఏండ్లుంటయి. ఆదివారం వస్త అన్నడు, బుధవారం వచ్చిండు. ఈ మూడు దినాలు ఫోన్ ఎత్తలే. ఒక స్టార్ ఇక్కడనే కోసేసిన.

గని వచ్చినంక జేసిన పని ముందర నేను నోరు మూసుకున్న. రిమోట్ ముట్టలే. సీదా సందులకు పోయి అవుట్‌డోర్ ఎనక అరచేయి పెట్టిండు. జేబుల నుంచి వైరున్న చిన్న థర్మామీటర్ తీసి గాలి పీల్చే జాలీ కాడ ఏలాడేసిండు. "సూడు కాకా, బయట 43 ఉన్నది. ఇది పీల్చే గాలి 53. తను వదిలిన సెగనే గోడకు తాకి తిరిగొస్తే మళ్ల పీలుస్తున్నది. ఏసీ తాకతు లెక్కగట్టేది బయట 35 ఉన్నప్పుడు. 53ల అదేం జేస్తది పాపం."

ఇగ నాకు ఇంకేం చెప్పే పని లేదు. ముప్పై ఏండ్లు ఆర్టీసీ బస్సు నడిపిన, ఇంజన్ బానెట్ పక్కన కూసోని తొడ కాల్చుకున్న మనిషిని. దేవరకొండ, డిండి మీదికెళ్లి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు రేడియేటర్‌కు గాలి అందకపోతే ఏమైతదో నాకెరుక. లోపటి వేడిని బయటికి మోసి పారబోసేదే అవుట్‌డోర్. పారబోసేతందుకు జాగ లేకపోతే లోపట చల్లదనం ఏడికెళ్లొస్తది? ఎనక జానెడు, ముందర అడ్డం లేకుండ ఖాళీ ఉండాలె. మాన్యువల్‌ల బొమ్మ గీసి సెంటీమీటర్లతోని రాసి ఉన్నది, డబ్బల అట్లనే పడి ఉండె. ఎవ్వడు తీయలే, నేను కూడ తీయలే.

రెండో రోగం నట్టు కాడ. నట్టు సుట్టు నూనె మరక, దాని మీద దుమ్ము అంటుకోని ఉన్నది. సబ్బు నురగ పూసిండు. కాసేపటికి ఆవగింజంత బుడగలు ఒకటెనక ఒకటి లేసినయి. లీకు. గ్యాస్‌తోని నూనె కూడ కొంచెం బయటికొస్తది, అందుకే మరక అన్నడు. తర్వాత ఆ నట్టు ఇప్పి పైపు మూతి నా చేతుల పెట్టిండు. పువ్వు లెక్క విచ్చుకోవాల్సిన రాగి అంచు ఒక దిక్కు వెడల్పు, ఒక దిక్కు సన్నం, నడుమ ఎంట్రుకంత పగులు.

మిగిలిన గ్యాస్‌ను ముందుగాల అవుట్‌డోర్‌లకే గుంజి వాల్వులు బంద్ చేసిండు. దీన్ని పంప్ డౌన్ అంటరట. ఉన్నది ఆర్32 గ్యాసు, జర అంటుకునే రకం. మా కిరాయిదారు బీడీ పట్టుకోని సూడొస్తే "పెద్దాయనా, అది గేటు అవతల తాగుపో" అని గట్టిగనే అన్నడు.

అవుట్‌డోర్‌ను సందుల నుంచి తీసి ఉత్తరం గోడకు మార్చేతందుకు పోయినంక ముందుగాల సుత్తెతోని తట్టుకుంట పోయిండు. ఏడ ప్లాస్టర్ బోలుగున్నది, ఏడ ఇటుక గట్టిగున్నది అని చప్పుడుతోనే పట్టిండు. సందుల స్టాండుకు ప్లాస్టిక్ ప్లగ్గులు కొట్టి స్క్రూలు పెట్టి పోయిండ్రు ఆ పిల్లలు. అవుట్‌డోర్ ముప్పై కిలోల పైమాటే, మీదికెళ్లి రాత్రి పగలు అదురుతుంటది. ఈయన యాంకర్ బోల్టులు దింపిండు, కాళ్ల కింద రబ్బర్ బుష్‌లు పెట్టిండు. ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు అరిగిన బస్సు నడిపినోనికి ఆ బుష్‌ల విలువ తెలుస్తది.

పైపు కోసుడు సూడాలె. ఆక్సా బ్లేడు ముట్టలే, కట్టర్‌తోని గుండ్రంగ తిప్పుకుంట కోసిండు. అంచు గీకేటప్పుడు పైపు మూతి కిందికి పట్టిండు, రాగి రజను లోపటికి పోవద్దని. నట్టు ముందే ఎక్కించి, అప్పుడు మూతిని పువ్వు లెక్క విప్పిండు. అద్దం లెక్క మెరిసింది. ఒక సుక్క నూనె రాసి, ముందుగాల చేత్తోని తిప్పి, ఆఖరికి రెండు పానాలు పెట్టి బిగించిండు. పావు ఇంచుది అట్లనే, అర ఇంచుది అట్లనే.

అటెన్క వాక్యూమ్ పంపు. ఇరవై నిమిషాలు నడిచింది. గేజి ముల్లు మైనస్ 30 కాడికి పోయినంక పంపు బంద్ చేసి, "చాయ్ తాగి రా కాకా" అన్నడు. పావుగంట తర్వాత వచ్చి సూసిన, ముల్లు కదల్లే. పైపులల్ల గాలి మిగిలితే అది గ్యాస్ లెక్క ద్రవంగ మారదు, ప్రెషర్ పెంచుతది. తేమ మిగిలితే కంప్రెసర్ నూనెను ఖరాబు చేస్తది. డీజిల్ లైన్ల గాలి ఎక్కితే బస్సు ఎట్ల మొరాయిస్తదో గట్లనే అనుకున్న నేను. తగ్గిన గ్యాస్ కూడ అందాజగ కొట్టలే. సిలిండర్‌ను కాటా మీద పెట్టి, మిషన్ ప్లేటు మీద రాసున్న గ్రాముల లెక్క పట్టి నింపిండు.

పైపు లోపటికి పోయే బొక్క కాడ కిందికి ఒక వంపు ఇచ్చిండు, వాననీళ్లు పైపు ఎంబడి ఇంట్లకు రాకుండ. పైన ఫోమ్‌ను కోతులు పీకకుండ పీవీసీ పైపు తొడిగిండు. మా కాలనీల ఇది చెయ్యకపోతే వారం ఆగదు ఫోము.

మొత్తం 6,800 అయ్యింది, ఎక్కువ పడ్డ రాగి పైపు, గ్యాస్, స్టాండు, కూలి అన్ని కలిపి. అగ్గువ కాదు. బిల్లు అడిగితే తెల్ల చిట్టి మీద రాసిచ్చిండు, గ్యారంటీ నోటిమాటే. గోడ బొక్క సుట్టు మూయకుండ పోయిండు, రెండో దినమే బల్లి వచ్చింది. వైట్ సిమెంట్ తెచ్చి నేనే మూసుకున్న. ఇంకో మాట, బయటి మెకానిక్ చెయ్యి పెడితే కంపెనీ వారంటీకి పేచీ పెట్టొచ్చు. మీ కార్డు సదివినంకనే పిలుసుకోండ్రి. నేను మూడుసార్లు కంప్లయింట్ పెట్టి విసిగి తెగించిన.

ఇప్పుడు పగటాల రెండింటికి కూడ ఇరవై నిమిషాలల్ల రూము చల్లగైతది. పైపు మీద మంచు లేదు, ఒర్రుడు లేదు. కరెంటు బిల్లు సంగతి ఇప్పుడే చెప్పను, ఒక్క నెలదే వచ్చింది. కారే నీళ్లకు మా ఇంటామె బకెట్ పెట్టి కరివేపాకు చెట్టుకు పోస్తున్నది. నల్గొండల ఫ్లోరైడ్ లేని నీళ్లు తాగే భాగ్యం ముందుగాల ఆ చెట్టుకే దక్కిందని నవ్వుతది.

సందు ఖాళీ అయినంక పక్కింటామె వంటింటి కిటికీ తెరిసింది. రెండు నెలల నుంచి మా సెగకు మూసుకోని వండుకున్నదట, మొకమాటానికి ఒక్క మాట అనలే. నాకైతే సిగ్గైంది.

ఆ మెకానిక్ పనికి ఐదుకు ఐదు, టైముకు ఒకటి. సగటు మీరే కట్టుకోండ్రి. పిలవాలనుకుంటే మార్చిలనే పిలవుండ్రి, మేల ఆయన ఫోన్ ఎత్తడు.