రంగు దిద్దని ఫొటోలు: కాకినాడలో ఒక పోర్ట్రెయిట్ స్టూడియో అనుభవం

మా చెల్లెలికి పుట్టుకతోనే ఆల్బినిజం ఉంది. చర్మానికి, జుట్టుకు, కళ్లకు రంగునిచ్చే మెలనిన్ తగినంత తయారు కాకపోవడం వల్ల కలిగే ఈ జన్యు స్థితిని బొల్లి అని పొరబడేవారు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. అంటుకుంటుందేమోనని ఆమె పక్కన కూర్చోవడానికి జంకినవారినీ చూశాను. రెండేళ్ల క్రితం పెళ్లి సంబంధాల కోసం వేరొక స్టూడియోలో ఫొటో తీయిస్తే, మమ్మల్ని అడగకుండానే కంప్యూటర్లో ఆమె కనుబొమలను, రెప్పవెంట్రుకలను నల్లగా దిద్ది, జుట్టుకు కూడా ముదురు రంగు వేసి ఇచ్చారు. చెల్లెలు దాన్ని చూసి, "ఇదెవరు అన్నయ్యా?" అని అడిగింది. అమ్మ ఆ ఫొటోను బీరువా అడుగున పెట్టేసింది.

అందుకే గత నెల ఈ స్టూడియోకు వెళ్లేముందు ఫోనులోనే అన్నీ మాట్లాడుకున్నాను. పేరు రాయవద్దని ఫొటోగ్రాఫర్ కోరినందున ఇక్కడ రాయడం లేదు. ఆల్బినిజం ఉన్నవారిని న్యూయార్క్ ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్ రిక్ గ్విడోటి తీసిన చిత్రాలు 1998 జూన్‌లో 'లైఫ్' పత్రికలో వచ్చాయి. వైద్యగ్రంథాల్లో రోగులుగా మాత్రమే కనిపించే మనుషులను ఆయన అందగత్తెలుగా, అందగాళ్లుగా చూపించారు. ఆ చిత్రాల్లో కొన్నింటిని పంపి, మాకు కావలసింది ఇదేనని చెప్పాను. ఈ స్టూడియో ఫొటోగ్రాఫర్ మాత్రం చెల్లెలితో మాట్లాడాలన్నారు. ఏ వెలుగు కళ్లకు ఇబ్బంది, ఎంతసేపు కూర్చోగలదు, ఏ చీర ఇష్టం అన్నవి నన్ను కాక ఆమెనే అడిగారు. ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఉదయం వేళ, ఎండ నేరుగా పడని ఉత్తరపు కిటికీ పక్కన, ఫ్లాష్ ఒక్కసారి కూడా వాడకుండా తీశారు. చెల్లెలి కళ్లు తమంతట తామే అటూ ఇటూ కదులుతుంటాయి. తల కొద్దిగా ఎడమకు వాల్చితే ఆ కదలిక తగ్గి, చూపు కాస్త నిలుస్తుంది. వెనకటి స్టూడియోలో "తల నిటారుగా పెట్టమ్మా" అని పదేపదే గద్దించారు. ఈయన ఆ వాలును గమనించి, కెమెరానే పక్కకు జరుపుకున్నారు. తెల్లని చర్మం మీద వెలుగు ఎక్కువైతే ముఖంలోని గీతలన్నీ చెరిగిపోతాయని చెప్పి, ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించి, వెనుక నేరేడుపండు రంగు తెర వేశారు.

తెల్లజుట్టులో మల్లెలు కనిపించవు, కనకాంబరాలు పెట్టుకోమని మా బంధువులు ఎప్పుడూ అంటుంటారు. ఆమె మల్లెలే పెట్టుకుంది. ఫొటోలో ఆ పూల తెలుపు వేరు, మొక్కజొన్న పీచు రంగులో మెరిసే ఆమె జుట్టు తెలుపు వేరు. రెండూ ఒకదాని పక్కన ఒకటి ఎంత స్పష్టంగా నిలిచాయంటే, ఇన్నేళ్లూ మేమే సరిగా చూడలేదని నాకు బాధ కలిగింది. రెప్పవెంట్రుకలు ఒక్కొక్కటిగా కనిపిస్తున్నాయి, ఏ దిద్దుబాటూ లేదు.

రెండు గంటల సమయానికి, పది ప్రింట్లకు కలిపి 6,000 రూపాయలు తీసుకున్నారు. పడిన శ్రమకు ఇది ఎక్కువ కాదు. ఫొటోలు చెప్పిన రోజుకన్నా వారం ఆలస్యంగా అందాయి, దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు. అయితే ఒక లోపం చెప్పక తప్పదు. ప్రింట్లన్నీ నిగనిగలాడే కాగితం మీద వేయడంతో, చూపు తక్కువగా ఉండి కాగితాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకొని చూసే చెల్లెలికి ట్యూబ్‌లైటు ప్రతిబింబం తప్ప మరేమీ కనిపించలేదు. తీసేటప్పుడు అంత శ్రద్ధ చూపినవారు, తన ఫొటోను ఆమె ఎలా చూసుకుంటుందో కూడా ఆలోచించి ఉండవలసింది. ఈ సంగతి చెప్పగానే నొచ్చుకోకుండా, రెండు ఫొటోలను పెద్ద సైజులో, మెరుపు లేని మ్యాట్ కాగితం మీద డబ్బు తీసుకోకుండా మళ్లీ వేసి ఇచ్చారు. చెల్లెలు ఆ ఫొటోను కళ్లకు జానెడు దూరంలో పట్టుకొని, తన రెప్పవెంట్రుకలను అమ్మకు వేలితో చూపించింది.