మోటర్‌హోమ్‌కి రెండో ఆల్టర్నేటర్: మూడేళ్లు వాడాక

మా మోటర్‌హోమ్ (లోపలే వండుకుని పడుకునే బండి) గురించి అడిగేవాళ్లంతా "280 ఆంప్స్ ఆల్టర్నేటర్ అంట కదా" అంటూ మొదలుపెడతారు. ఆల్టర్నేటర్ అంటే ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే యంత్రం. నేను మాత్రం దాని వీపుకి బిగించిన వేలెడంత ఉష్ణోగ్రత సెన్సర్ గురించే చెబుతాను. పెట్టిన డబ్బుకి న్యాయం జరిగిందంటే దానివల్లే.

మాది ఫోర్డ్ ఇ-450 చాసిస్ మీద కట్టిన క్లాస్ సి (వ్యాన్ ముందు భాగం వెనక ఇల్లు కట్టిన రకం), వీ10 పెట్రోల్ ఇంజిన్. బండిలో ఇంటి అవసరాలకి 600 ఆంప్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు, అంటే మన కరెంటు బిల్లు లెక్కలో ఏడున్నర యూనిట్లు. మొదట్లో వీటిని ఇంజిన్ వైపు కరెంటుని అందించే 30 ఆంప్స్ డీసీ-డీసీ చార్జర్‌తో నింపేవాళ్లం. ఖాళీ బ్యాటరీలు నిండాలంటే ఇరవై గంటలు బండి నడపాలి. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి యోసెమిటీ నేషనల్ పార్కుకి మాకు నాలుగు గంటలు పడుతుంది, ఆ నాలుగు గంటల్లో వచ్చేది ఒకటిన్నర యూనిట్ చిల్లర. అక్కడి లోయలోని క్యాంప్‌గ్రౌండ్‌లలో కరెంటు పాయింట్లు లేవు. జనరేటర్ వేసుకోవాలంటే ఉదయం 7 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7, అంతే. మా నాన్నకి తెల్లవారుజామున ఐదింటికి కాఫీ పడాలి. అమ్మకి ఇండక్షన్ పొయ్యి, కుక్కర్, మిక్సీ మూడూ కావాలి. రెండో రోజుకే బ్యాటరీ శాతం చూస్తూ టెన్షన్.

ఉన్న ఆల్టర్నేటర్ నుంచే ఎక్కువ లాగొచ్చు కదా అని చాలామంది అంటారు. లిథియం బ్యాటరీకి అంతర్గత నిరోధం బాగా తక్కువ, ఎంత ఇస్తే అంతా తాగేస్తుంది. ట్రాఫిక్‌లో ఇంజిన్ నెమ్మదిగా తిరిగినప్పుడు ఆల్టర్నేటర్ ఫ్యానూ నెమ్మదిస్తుంది, లోపలి వేడి బయటికి పోదు, చివరికి లోపల కరెంటుని డీసీగా మార్చే డయోడ్లు పోతాయి. అందుకే పాతదాన్ని ఇంజిన్ బ్యాటరీకే వదిలేసి, పక్కన వేరే బ్రాకెట్ మీద రెండోది పెట్టించాం. దాన్ని నడిపేది బయట పెట్టిన రెగ్యులేటర్. ఫీల్డ్ కరెంట్‌ని (ఆల్టర్నేటర్ లోపలి అయస్కాంతానికి ఇచ్చే కరెంటుని) పెంచుతూ తగ్గిస్తూ ఎంత ఉత్పత్తి కావాలో అదే చూసుకుంటుంది. ఆల్టర్నేటర్ వేడిని సెన్సర్ దానికి ఎప్పటికప్పుడు చెబుతూ ఉంటుంది.

ఈ వేడి సంగతి తేలిగ్గా తీసుకునేది కాదు. ఆల్టర్నేటర్‌కి ఇచ్చిన శక్తిలో సగానికి కాస్త పైనే కరెంటుగా మారుతుంది. 150 ఆంప్స్ అంటే రెండు వేల వాట్లు బ్యాటరీకి పోతుంటే, దాదాపు పదిహేను వందల వాట్లు వేడిగా అక్కడే మిగిలిపోతాయి. బానెట్ కింద ఒక గీజర్ ఆన్ చేసి పెట్టుకున్నట్టే.

ఆ సెన్సర్ విలువ నాకు బేకర్ ఎత్తు మీద తెలిసింది. లాస్ ఏంజిలెస్ నుంచి లాస్ వేగస్ వెళ్లే ఐ-15 హైవేలో, బేకర్ దగ్గర సుమారు 900 అడుగుల ఎత్తు నుంచి హాలొరన్ సమ్మిట్ దగ్గర 4,000 అడుగులకు రోడ్డు ఏకబిగిన ఎక్కుతుంది. జులై నెల, మధ్యాహ్నం. బేకర్ ఊళ్లో ఉన్న పెద్ద థర్మామీటర్ 112 ఫారెన్‌హీట్ చూపిస్తోంది. ఇంజిన్ వేడెక్కకుండా ఏసీ ఆపమని రోడ్డు పక్కన బోర్డులు. డ్యాష్‌బోర్డు ఏసీ ఆపేశాను. వెనక అమ్మానాన్న ఉన్నారు కాబట్టి పైకప్పు ఏసీ మాత్రం ఇన్వర్టర్ మీద నడుస్తూనే ఉంది. దానికి ఒక్కదానికే 120 ఆంప్స్ దాకా కావాలి. ముందు రాత్రి కూడా ఏసీ వేసే పడుకున్నాం, బ్యాటరీలో మిగిలింది మూడో వంతు కూడా లేదు.

నా భార్య ఫోన్‌లో రెగ్యులేటర్ యాప్ చూస్తూ చదువుతోంది. కింద బయలుదేరినప్పుడు 165 ఆంప్స్, నేను పెట్టుకున్న పరిమితే అది. ఆల్టర్నేటర్ 94 డిగ్రీల సెల్సియస్. కాసేపటికి 101. పెట్టుకున్న హద్దు 105 దగ్గరికి రాగానే ఆంప్స్ దిగడం మొదలైంది: 150, 128, 110, చివరికి 90 దగ్గర నిలబడింది. వేడి 105 దాటలేదు. ఏసీకి తక్కువపడిన ముప్పై ఆంప్స్ బ్యాటరీ ఇచ్చింది, ఏసీ ఒక్క క్షణం కూడా ఆగలేదు. "డైనమో కాలిపోదు కదరా?" అని వెనక నుంచి నాన్న. ఆయన ఊళ్లో ట్రాక్టర్ డైనమోలు ఎన్ని మార్పించారో నాకు తెలుసు. "లేదు నాన్నా, అదే తగ్గించుకుంటోంది" అన్నాను. సమ్మిట్ దాటి అటువైపు దిగుతుంటే పావుగంటలోపే మళ్లీ 160 పైకి వచ్చింది. నేను ఏ స్విచ్చీ ముట్టుకోలేదు. పెద్దవాళ్లని ఎక్కించుకుని ఎడారి దాటేవాడికి అంతకంటే ఏం కావాలి!

అయితే ఆ సెన్సరే నిరుడు చలికాలం అరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ దారిలో ఇబ్బంది పెట్టింది. హైవే మీద కూడా 80 ఆంప్స్ దాటట్లేదు. మెకానిక్ ముందు బెల్టు చూశాడు, తర్వాత ఫ్యూజు, తర్వాత కేబుళ్లు. చివరికి దొరికింది సెన్సర్ లగ్ (తీగ చివర బిగించే లోహపు ముక్క) దగ్గర తెగిన తీగ, ఇంజిన్ అదురుకి. సెన్సర్ కబురు అందకపోతే నా రెగ్యులేటర్ దానంతటదే సగం శక్తికి దిగిపోతుందట. కాల్చుకోవడం కంటే అది నయమే. కానీ ఇంత ఖరీదు వ్యవస్థ మొత్తం అంత సన్నటి తీగ మీద ఆధారపడటం నాకు నచ్చలేదు. ఇప్పుడు తీగని వదులుగా మెలి తిప్పి క్లిప్పు వేయించాం, ఆయిల్ మార్చినప్పుడల్లా చూస్తున్నాను.

కొత్తలో స్నేహితులకి ఇక సోలార్ అక్కర్లేదని చెప్పినమాట నిజమే. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. బండి ఆగి ఇంజిన్ ఊరికే తిరుగుతుంటే మాకు వచ్చేది 60, 70 ఆంప్స్, అదీ వేడెక్కేదాకా. క్యాంప్‌లో ఇంజిన్ వేసుకుని చార్జ్ చేద్దామనుకుంటే పెట్రోల్ దండగ, పక్కవాళ్లకి చికాకు. 280 అన్నది పెట్టె మీద అంకె, చల్లగా ఉన్నప్పుడు, వేగంగా తిప్పినప్పుడు. వేడెక్కాక మామూలు రోజున 150 వస్తే సంతోషించాలి. బెల్టు కూడా ఇదివరకటికంటే ముందే అరుగుతోంది.

కిట్, కేబుళ్లు, లేబర్ కలిపి మాకు మూడు వేల డాలర్లు దాటింది. మేం ఒకచోట రెండు రాత్రుల కంటే ఉండం, మధ్యలో మూడు నాలుగు గంటల డ్రైవ్ ఉంటుంది, వెనక పెద్దవాళ్లకి ఏసీ నడవాలి. మాకు ఇది సరిపోయింది. వారం రోజులు ఒకేచోట బండి నిలిపేవాళ్లయితే ఆ డబ్బు ముందు పైకప్పు మీద సోలార్‌కి పెట్టడం మంచిదేమో. మా పైకప్పు మీద ఏసీ, గాలి కిటికీలు పోగా రెండు ప్యానెళ్లకి చోటుంది, వేసవిలోపు వేయిద్దామని చూస్తున్నాం.