మగవారి దిగులుకు ఏ పరీక్ష మేలు: కార్టిసాలా, టెస్టోస్టెరానా, టీఎస్‌హెచ్‌ఆ?

నిద్ర పట్టదు, పని మీద మనసు నిలవదు, చిన్న మాటకే కోపం ముంచుకొస్తుంది. ఇలాంటప్పుడు బరంపురంలో గానీ పర్లాకిమిడిలో గానీ మగాళ్లు మానసిక వైద్యుడి గుమ్మం తొక్కడానికి వెనకాడతారు గానీ, రక్తపరీక్ష అంటే వెంటనే చేయి చాపుతారు. ‘హార్మోన్ తేడా’ అని ఇంట్లో చెప్పుకోవడానికి నామోషీ ఉండదు మరి. ఆ పరీక్షల్లో దేనికి డబ్బు పెట్టాలి, దేనికి అనవసరం?

డిప్రెషన్‌ని, యాంగ్జయిటీని తేల్చిచెప్పే హార్మోన్ పరీక్ష ఇప్పటికైతే లేదు. గుంపులుగా చూస్తే డిప్రెషన్ ఉన్నవారిలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ సగటు కాస్త ఎక్కువ. కానీ ఉన్నవారి అంకెలూ లేనివారి అంకెలూ చాలా మేర కలిసిపోతాయి కాబట్టి, ఒక మనిషి రిపోర్టు చూసి ఏ వైపో చెప్పలేం.

కార్టిసాల్ మీద ఒకప్పుడు పెద్ద ఆశే ఉండేది. 1981లో మానసిక వైద్యుడు బెర్నార్డ్ కారల్ బృందం డెక్సామెథాసోన్ పరీక్షను తీవ్ర డిప్రెషన్‌కు గుర్తుగా ప్రతిపాదించింది. ఆ స్టెరాయిడ్ మాత్ర మామూలుగా కార్టిసాల్‌ను అణచేస్తుంది. రాత్రి 11కి 1 మి.గ్రా. మాత్ర వేసి, మర్నాడు కార్టిసాల్ డెసీలీటరుకు 5 మైక్రోగ్రాముల కంటే తగ్గకపోతే పాజిటివ్. తర్వాత చూస్తే మతిమరుపు జబ్బులోనూ, బరువు తగ్గిపోయినవారిలోనూ, తాగుడు మానుతున్నవారిలోనూ పాజిటివే వచ్చింది. నిజంగా డిప్రెషన్ ఉన్న చాలామందిలో నెగటివ్ వచ్చింది. ఇప్పుడా పరీక్ష ఒంట్లో కార్టిసాల్ మితిమీరే కుషింగ్ జబ్బు వెతకడానికి మిగిలింది. పొట్ట మీద వెడల్పాటి ఊదారంగు చారలు, తేలిగ్గా కమిలే చర్మం, గొంతుకూర్చుని లేవలేని తొడల బలహీనత, వీటితోపాటు కొత్తగా బీపీ, షుగర్ ఉంటే కార్టిసాల్ చూడాల్సిందే. ఆ జబ్బే దిగులు తెచ్చిపెడుతుంది. అవి లేకపోతే దిగులు కోసమని కార్టిసాల్ చూపించుకోవడం దండగ.

చూపించుకున్నా చిక్కంతా టైముతోనే. నిద్ర లేచాక 30 నుంచి 45 నిమిషాలకు కార్టిసాల్ శిఖరానికి చేరి, అర్ధరాత్రికి అడుగంటుతుంది. రిపోర్టు పక్కన అచ్చయ్యే రేంజ్ సాధారణంగా ఉదయం 8 గంటలది. కలెక్షన్ సెంటర్‌లో మధ్యాహ్నం 3కి రక్తం తీసి ఆ రేంజ్‌తో పోలిస్తే, బాగున్న మనిషికీ ‘తక్కువ’ అని పడుతుంది. సూరత్ మగ్గాల మీద నైట్ షిఫ్టులు చేసి గంజాం తిరిగొచ్చినవారికైతే ఒంట్లో గడియారమే తిరగబడి ఉంటుంది. కీళ్ల నొప్పులకిచ్చే స్టెరాయిడ్ మాత్రలే కాదు, తామరకు రోజూ పూసే క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ క్రీము కూడా అంకెను పడేస్తుంది. లాలాజల పరీక్షలో చిగుళ్ల రక్తం కలిస్తే ఎక్కువ చూపిస్తుంది. అతిమధురం కలిపిన నమిలే పొగాకుతోనూ అంతే.

మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ విషయంలో మోసపోయేవాళ్లే ఎక్కువ. ఇది తగ్గితే నీరసం, దిగులు రావచ్చు, నిజమే. కానీ దిగులు, నిద్రలేమి, గురకతో ఊపిరాగే జబ్బు, పొట్ట, తాగుడు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, ఇవన్నీ దాన్ని తగ్గిస్తాయి. ఏది ముందు, ఏది వెనక అన్నది ఒక్క అంకెతో తేలదు. కోరిక తగ్గడం, తెల్లవారుజామున అంగస్తంభన ఆగిపోవడం ఉంటేనే ఈ పరీక్షకు అర్థం. రక్తం ఉదయం 7 నుంచి 10 లోపు, పరగడుపున ఇవ్వాలి. తిండి తిన్నాక అంకె పడిపోతుంది. జ్వరం ఉన్న వారంలో వద్దు. డెసీలీటరుకు 300 నానోగ్రాముల కంటే తక్కువ వస్తే ఇంకో రోజు ఉదయం మళ్లీ తీయించాలి. రెండుసార్లూ తక్కువైతేనే లెక్క. పొట్ట ఉన్నవారిలో, షుగర్ ఉన్నవారిలో దాన్ని మోసే ప్రోటీన్ తగ్గి, మొత్తం అంకె అబద్ధంగా తక్కువ కనిపిస్తుంది. అప్పుడు ఆ ప్రోటీన్‌కు అంటుకోని ఫ్రీ టెస్టోస్టెరాన్ అడగాలి.

తర్వాత చూడాల్సినవి టెస్టోస్టెరాన్ తయారుచేయమని వృషణాలకు చెప్పే ఎల్‌హెచ్, పాల హార్మోన్ ప్రొలాక్టిన్. డాంపెరిడోన్ గానీ లెవోసల్పిరైడ్ గానీ కలిసిన గ్యాస్ మాత్రలు ప్రొలాక్టిన్‌ను పెంచి టెస్టోస్టెరాన్‌ను తొక్కేస్తాయి. నెలల తరబడి పొద్దున్నే అవి మింగుతూ ‘మగతనం తగ్గింది’ అని బెంగపడేవారున్నారు. ముందు ఆ అట్ట వెనక పేర్లు చదవండి. పిల్లలు కావాలనుకునేవారు టెస్టోస్టెరాన్ సూది జోలికి పోవద్దు, వీర్యకణాల తయారీ ఆగిపోతుంది. వాడేవారిలో హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 54 శాతం దాటితే ఆపాలి.

హార్మోన్లలో ఒక్కదానికే డబ్బు పెట్టాలంటే థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్. థైరాయిడ్ తగ్గితే మందకొడితనం, మలబద్ధకం, చలి, అచ్చం డిప్రెషన్‌లా ఉంటుంది. పెరిగితే గుండెదడ, చేతి వణుకు, చెమట, బరువు తగ్గడం, అచ్చం యాంగ్జయిటీలా. పైగా సరిచేయగలిగిన కారణం. పరగడుపు అక్కర్లేదు. జుట్టుకని బయోటిన్ విటమిన్ వేసుకుంటుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపాలి; కొన్ని యంత్రాల్లో అది లేని హైపర్ థైరాయిడ్‌ను చూపిస్తుంది. టీఎస్‌హెచ్ 4కూ 10కీ మధ్య వస్తే హడావిడి పడకుండా రెండు మూడు నెలలకు మళ్లీ చూడాలి. రక్తం ఎలాగూ ఇస్తున్నారు కాబట్టి హిమోగ్లోబిన్, షుగర్ కూడా రాయించుకోండి. రాయగడ, గుణుపూర్ వైపు నీరసానికి మలేరియా, సికిల్ సెల్ కూడా కారణాలే.

వీటన్నిటికంటే బాగా పట్టించేది పైసా ఖర్చులేని ప్రశ్నాపత్రం. డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9లో గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3. మొత్తం 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే వైద్యుణ్ణి కలవాలి. ఆందోళనకు జీఏడీ-7, దానికీ గీత 10 దగ్గరే. ఒక లోటుంది: మగాళ్లలో దిగులు చాలాసార్లు కోపంగా, తాగుడుగా బయటపడుతుంది, పీహెచ్‌క్యూ ఆ రెండూ అడగదు. చిరాకు గురించి జీఏడీ ఆరో ప్రశ్న అడుగుతుంది కాబట్టి రెండూ కలిపి నింపడం మంచిది. తాగుడు సంగతి వైద్యుడికి విడిగా చెప్పాలి.

పీహెచ్‌క్యూ తొమ్మిదో ప్రశ్న చావాలన్న ఆలోచన గురించి. అక్కడ సున్నా కానిది ఏది పడ్డా, మొత్తం ఎంతైనా, ఏ రిపోర్టు కోసమూ ఆగకండి. ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలిమానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. బరంపురం ఎం.కె.సి.జి. ఆస్పత్రిలో మానసిక విభాగం ఉంది.

డాక్టరు డిప్రెషన్‌కు రాసిన మందు మొదలుపెట్టాక పనిచేస్తోందో లేదో చూడటానికీ పీహెచ్‌క్యూ కాగితమే. రెండు వారాలకోసారి నింపండి; 5 పాయింట్లు తగ్గితే మెరుగు కింద లెక్క. తొలి వారాల్లో మార్పు కనిపించకపోతే మందు ఆపేయొద్దు, నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు.