దుకాణం లెక్క తప్పినా అతుకు కనిపించని గోడ

బెంగళూరు మారతహళ్లిలోని మా ఫ్లాట్‌లో సోఫా వెనుక గోడకు గత నెలలో కలంకారీ తరహా లతల వాల్‌పేపర్ వేయించాము. సరుకు, అంటించే పని రెండూ ఒకే దుకాణం ద్వారా జరిగాయి. సరుకు బాగుంది, అంటించిన ఆయన పనితనం అంతకంటే బాగుంది. కొలతలు వేసిన తీరు మాత్రం బాగా లేదు.

గోడ వెడల్పు 12 అడుగులు, ఎత్తు తొమ్మిదిన్నర, అంటే 114 చదరపు అడుగులు. 53 సెంటీమీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు ఉండే మామూలు రోల్ ఒకటి 57 చదరపు అడుగులు వస్తుంది కనుక రెండు సరిగ్గా సరిపోతాయని దుకాణం వారు చెప్పి, రోల్‌కు 2,800 రూపాయల చొప్పున తీసుకున్నారు. డిజైన్ ఉన్న కాగితానికి ఈ లెక్క పనికిరాదు. మేము ఎంచుకున్న లత 64 సెంటీమీటర్లకు ఒకసారి మళ్లీ మొదలవుతుంది, పక్క పట్టీలో 32 సెంటీమీటర్లు దిగి కలుస్తుంది. రోల్ చీటీ మీద 64/32 అన్న అంకెలకు అర్థం అదే. మూడు మీటర్ల పట్టీకి పువ్వు కలిసేందుకు 3.2 మీటర్లు పోతుంది కాబట్టి ఒక రోల్‌లో మూడు పట్టీలే వస్తాయి. మా గోడకు ఏడు కావాలి.

ఈ పొరపాటును జిగురు కలపకముందే పట్టుకున్నది హిందూపురం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఆ పనాయనే. దుకాణం వారు వెంటనే మూడో రోల్ పంపారు గాని దాని బ్యాచ్ నంబరు, అంటే ఒకే విడతలో అచ్చయిన రోల్స్‌కు వేసే నంబరు, వేరు. ఆయన రెండింటినీ బాల్కనీ వెలుగులో పక్కపక్కన పరిచారు. విడిగా చూస్తే ఒక్కటే అనిపించిన మీగడ రంగు, పక్కన పెట్టగానే ఒకదానిలో పసుపు తేలింది. "ఇది వేస్తే లైటు వేసినప్పుడల్లా మీకు ఆ గీతే కనబడుతుంది సార్" అని పని ఆపేశారు. దుకాణం వారు వాదించకుండా అన్నీ వెనక్కి తీసుకొని, వారం తరువాత ఒకే బ్యాచ్‌వి మూడు ఇచ్చారు. ఆ మర్యాద మెచ్చదగినదే, కానీ నా రెండు సెలవులు పోయాయి.

ఇక ఆయన పని. ఇది వాన కొట్టే బయటి గోడ కాదు కదా అని ముందే అడిగారు, ఎందుకంటే వినైల్ పూత తడిని బయటికి పోనివ్వదు, వెనుక బూజు పడుతుంది. మొదటి పట్టీని మూల నుంచి కాక గోడ నడిమధ్యలో, దారానికి వేలాడదీసిన గుండు ప్రకారం నిలిపారు. అందువల్ల రెండు చివర్లలోనూ రెండున్నర సెంటీమీటర్లు సమంగా తెగింది. బేసి పట్టీలను ఒక రోల్ నుంచి, సరి పట్టీలను మరో రోల్ నుంచి కోయడంతో తరుగు తగ్గింది. నాన్‌వోవెన్, అంటే నేయకుండా నారలను అదిమి చేసిన రకం కనుక జిగురును గోడకే పూసి, పట్టీని వేళ్లతో అర మిల్లీమీటరు చొప్పున జరుపుతూ, తెగిన ఆకు కొన రెండో వైపు కొనతో కలిసే వరకు వదల్లేదు. పెడనలో అద్దకం పనివారు అచ్చు పక్కన అచ్చు ఆనించేటప్పుడు చూపే ఓపికే నాకు గుర్తొచ్చింది. స్విచ్‌బోర్డు పక్కన మాత్రం ఒక అంచు రెండో రోజుకు కొద్దిగా లేచింది. ఫోను చేస్తే సాయంత్రానికి వచ్చి అతికించి వెళ్లారు.

రోల్‌కు 600 రూపాయల కూలి ఆ పనికి తక్కువే. అదే దుకాణానికి వెళ్లేవారు పట్టీల లెక్క మీరే వేసుకొని, అన్ని రోల్స్ బ్యాచ్ నంబర్లూ కౌంటరు దగ్గరే చూసుకోండి. మూడో రోల్‌లో మిగిలిన ఏడు మీటర్ల ముక్కను, ఎక్కడైనా చిరిగితే మళ్లీ ఇదే రంగు దొరకదని, చుట్టి అటక మీద దాచాము.