1971 షెవెల్‌లో 5.3 ట్రక్కు ఇంజిన్: ఐదేళ్లు నడిపాక నా అభిప్రాయం

మా 1971 షెవర్లే షెవెల్ మాలిబూలో పాత 307 (క్యూబిక్ అంగుళాల) ఇంజిన్ దించేసి, సిల్వరాడో ట్రక్కులో వచ్చే 5.3 లీటర్ల ఎల్‌ఎం7 ఇంజిన్ ఎక్కించి ఐదేళ్లు దాటింది. ఈ ఐదేళ్లలో ముప్పై వేల మైళ్లకు పైనే తిరిగాం. డాలస్ ఎండల్లో, ఆఫీసు ట్రాఫిక్‌లో, హ్యూస్టన్ దాకా హైవే మీద, పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని గుడికి, అన్నిటికీ ఇదే బండి. ఇంజిన్ మార్చిన కొత్తలో అందరూ సంబరంగా రాస్తారు గానీ, నాలుగైదేళ్లు నడిపాక ఏది నిలిచింది, ఏది పోయింది అని చెప్పేవాళ్లు తక్కువ. నేను మొదలుపెట్టే ముందు అలాంటి మాట కోసం చాలా వెతికాను, అందుకే ఇప్పుడు వివరంగా రాస్తున్నాను.

బండి వేగంగా దూకాలనే ఇలాంటి పని చేయిస్తారని చాలామంది అనుకుంటారు. నేను రోజూ నడుపుకోవడానికి చేశాను, ఆ లెక్కన చూస్తే పెట్టిన డబ్బు పూర్తిగా గిట్టింది.

ముందు బండి ఎలా ఉండేదో చెప్పాలి. షెవెల్ అనగానే అందరికీ 1970లో వచ్చిన ఎస్ఎస్ 454 అనే స్పోర్ట్స్ రకం, అందులోని 450 హార్స్‌పవర్ ఎల్ఎస్6 ఇంజిన్ గుర్తొస్తాయి. మాది అది కాదు, మామూలు మాలిబూ. 307 వీ8, దానికి రెండే గేర్లున్న పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్. కాగితం మీద 200 హార్స్‌పవర్ అని ఉంటుంది, కానీ ఆ రోజుల్లో సైలెన్సరూ ఫ్యానూ లేకుండా ఇంజిన్‌ను స్టాండ్ మీద పెట్టి కొలిచిన అంకె అది. 1972లో అన్నీ తగిలించి కొలిచే పద్ధతి వచ్చాక అదే ఇంజిన్‌కు 130 అని రాశారు. మీ దగ్గర అసలైన ఎస్ఎస్ ఉండి, బండి మీదా ఇంజిన్ మీదా ఉన్న ఫ్యాక్టరీ నంబర్లు ఇంకా కలుస్తూ ఉంటే దయచేసి దాని జోలికి వెళ్లకండి, ఆ ఇంజిన్‌తోనే దానికి విలువ. మాలాంటి మామూలు బండ్లకే ఈ పని.

నాకు పవర్ తక్కువన్న బాధ అంతగా లేదు. బాధంతా వేడితో. ఇక్కడి పెట్రోల్‌లో పది శాతం ఇథనాల్ కలుస్తుంది, అది తొందరగా ఆవిరవుతుంది. జులైలో ఇండియన్ స్టోర్ ముందు ఆపి కూరగాయలు కొనుక్కుని వచ్చేసరికి ఇంజిన్ మీద వేడికి కార్బ్యురేటర్‌లో పెట్రోల్ మరిగిపోయి ఉండేది, సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, బండి మాత్రం అందుకోదు. వెనక సీట్లో పిల్లలు చెమటలు కక్కుతుంటే బానెట్ ఎత్తి నిలబడటం, ఇంటికొచ్చాక కూడా బట్టలకు పెట్రోల్ వాసన. మా ఆవిడ ఆ బండి ఎక్కడమే మానేసింది. ఎంతో ఇష్టపడి కొన్న కారు నెలల తరబడి గ్యారేజీలోనే ఉండిపోతే ఎంత బాధగా ఉంటుందో పాత బండ్లు ఉన్నవాళ్లకు తెలుసు.

ఇక ఇదే ఇంజిన్ ఎందుకంటే. ఎల్‌ఎం7 అనేది జీఎం కంపెనీ ఎల్ఎస్ అనే వీ8 ఇంజిన్ల కుటుంబంలోది. ఈ కుటుంబంలో మొదటిది, ఎల్ఎస్1, 1997 కార్వెట్‌లో వచ్చింది. అల్యూమినియం బ్లాకు, 345 హార్స్‌పవర్, ఇప్పటికీ రేటు ఎక్కువ. 1999 నుంచి అదే డిజైన్‌ను ఇనుప బ్లాకుతో ట్రక్కుల్లో వేశారు, అందులో 5.3 ఎల్‌ఎం7 లక్షల్లో తయారైంది, అందుకే పాత బండ్ల యార్డుల్లో ఎప్పుడూ దొరుకుతుంది. ఏడాదిని బట్టి 270 నుంచి 295 హార్స్‌పవర్ దాకా ఇస్తుంది, ఇది అన్నీ తగిలించి కొలిచిన నికరమైన అంకె. తర్వాతి తరం ఇంజిన్లలో పెట్రోల్ ఆదా కోసం సగం సిలిండర్లు ఆపేసే ఏర్పాటు వచ్చింది, దాని లిఫ్టర్లతో (వాల్వులను తెరిచే భాగాలు) చాలామంది ఇబ్బంది పడ్డారు. ఎల్‌ఎం7లో ఆ గొడవే లేదు. యార్డులో చూసేటప్పుడు ట్రక్కు వీఐఎన్ నంబర్‌లో ఎనిమిదో అక్షరం టీ ఉంటే అది ఎల్‌ఎం7. మాది 2002 సిల్వరాడోది, యాక్సిలరేటర్‌కు ఇంకా కేబుల్ ఉన్న రకం, కాబట్టి పాత కారు పెడల్‌కు కలపడం తేలికైంది.

పాత స్మాల్ బ్లాక్‌కీ (307, 350 లాంటి పాత షెవర్లే వీ8లు) దీనికీ చుట్టరికం ఉంది. సిలిండర్ల మధ్య దూరం అదే 4.4 అంగుళాలు, గేర్‌బాక్స్ బిగించే బోల్టులు దాదాపు అవే చోట్ల ఉంటాయి, మౌంట్లకు ఒక అడాప్టర్ ప్లేటు వేస్తే ఇంజిన్ ఫ్రేమ్ మీద కూర్చుంటుంది. ఇది విని పని అయిపోయినట్టే అనుకోకండి. కొత్త అల్లుడు ఇంటికొస్తున్నాడంటే వాకిలి నుంచి వంటింటి దాకా అన్నీ సర్దుకోవాల్సి వచ్చినట్టే ఇక్కడా జరుగుతుంది, ఇంజిన్ కన్నా దాని చుట్టూ ఉన్నవాటికే ఎక్కువ డబ్బు, ఎక్కువ సమయం పోతుంది.

ట్రక్కు ఆయిల్ పాన్ లోతుగా ఉంటుంది, షెవెల్ ముందు క్రాస్‌మెంబర్‌కు (ఫ్రేమ్‌లో అడ్డంగా ఉండే కమ్మీ) తగులుతుంది, కాబట్టి ఈ మార్పిడి కోసమే చేసిన పొట్టి పాన్ కొనాలి. ట్రక్కు ఏసీ కంప్రెసర్ కింద ఉంటుంది, అది ఫ్రేమ్‌కు తగులుతుంది, దాన్ని పైకి తెచ్చే బ్రాకెట్ కావాలి. గేర్‌బాక్స్ పొడవు వేరు, కాబట్టి వెనక క్రాస్‌మెంబర్ జరపాలి, డ్రైవ్ షాఫ్ట్ కాస్త కోయించాలి. కొత్త గేర్‌బాక్స్‌కు స్పీడోమీటర్ కేబుల్ ఉండదు, కరెంటు సిగ్నల్ తీసుకుని కేబుల్ తిప్పే చిన్న మోటారు పెట్టె దొరుకుతుంది, దానివల్ల నా పాత మీటర్ అలాగే ఉంచుకోగలిగాను, చాలా ఆనందమేసింది.

పెట్రోల్ గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్పాలి. కార్బ్యురేటర్‌కు 5 నుంచి 7 పీఎస్ఐ ఒత్తిడి చాలు, ఈ ఇంజిన్‌కు 58 పీఎస్ఐ కావాలి. పాత మెకానికల్ పంపు పనికిరాదు, పాత రబ్బరు పైపులు అస్సలు పనికిరావు, ప్రమాదం. ట్యాంకు లోపల పంపు ఉండాలి. బయట బిగించే పంపులు గోల చేస్తాయి, ఎండలో తొందరగా పోతాయి. మొదట ఒక షాపువాళ్లు నా పాత ట్యాంకుకే రంధ్రం చేసి పంపు పెట్టిచ్చారు, లోపల అడ్డుగోడలు లేవు. పావు ట్యాంకు కన్నా తక్కువ ఉన్నప్పుడు హైవే లూప్ రోడ్డు తిరిగితే పెట్రోల్ ఒక పక్కకు పోయి పంపు గాలి పీల్చేది, ఇంజిన్ ఒక్క క్షణం చచ్చి మళ్లీ లేచేది. వెనక పెద్ద ట్రక్కు వస్తుంటే ఆ క్షణం ఎంత టెన్షనో చెప్పలేను. తర్వాత ఈ పని కోసమే తయారైన, లోపల అడ్డుగోడలున్న కొత్త ట్యాంకు వేయించాక ఆ బెడద ఒక్కసారి కూడా రాలేదు. ఖర్చు ఎక్కడ తగ్గించుకున్నా ఇక్కడ మాత్రం వద్దు.

రెండోది నీళ్లు. ఈ ఇంజిన్ హెడ్‌ల పై భాగంలో ఆవిరి చేరుతుంది, అది బయటికి పోవడానికి సన్న పైపు ఉంటుంది, దాన్ని రేడియేటర్ పైభాగానికి కలపాలి. కొంతమంది దాన్ని మూసేస్తారు. అప్పుడు హెడ్‌లో గాలి బుడగ నిలిచి, మీటర్ ముల్లు మామూలుగానే చూపిస్తుంటుంది గానీ లోపల ఒక మూల కాలిపోతూ ఉంటుంది. నేను పైపు కలిపి, అల్యూమినియం రేడియేటర్, రెండు కరెంటు ఫ్యాన్లు పెట్టాను, వాటిని ఇంజిన్ కంప్యూటరే ఆన్ ఆఫ్ చేస్తుంది. 105 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా ముల్లు కదలదు. పాత ఇంజిన్‌తో నేను ఊహించలేని సంగతి ఇది.

వైరింగ్ అంటే అందరికీ భయం. ట్రక్కు వైరింగ్ కట్టలో అక్కర్లేని తీగలు తీసేసి, కంప్యూటర్‌లో దొంగతనం జరగకుండా ఉండే లాక్ ప్రోగ్రామ్ ఆపించాలి, లేకపోతే ఇంజిన్ స్టార్టయి వెంటనే ఆగిపోతుంది. వెనక ఆక్సిజన్ సెన్సార్లు కూడా అప్పుడే ఆపిస్తారు. ఇది తెలిసినవాళ్లకు పూటలో పని. నా అనుభవంలో ఎక్కువ ఇబ్బంది పెట్టింది అంతకన్నా చిన్న విషయం, ఎర్త్ వైరు. రెండో ఏడాది వానాకాలంలో ఉన్నట్టుండి ఇంజిన్ తడబడేది, మళ్లీ బాగైపోయేది, కంప్యూటర్ ఒకసారి ఒక ఎర్రర్ కోడ్ చూపిస్తే మరోసారి ఇంకో కోడ్. కాయిల్స్ మార్చాం, ప్లగ్గులు మార్చాం. చివరికి చూస్తే ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ రంగు మీద బిగించి ఉంది, కింద తుప్పు. గీకి శుభ్రం చేసి, మందపాటి కొత్త వైర్లు ఇంజిన్ నుంచి ఫ్రేమ్‌కూ బాడీకీ బ్యాటరీకీ వేశాక మళ్లీ ఆ మాటే లేదు. 1971 బాడీ, 2002 ఎలక్ట్రానిక్స్ కలిసి ఉండాలంటే ఎర్త్ బాగుండాలి.

గేర్‌బాక్స్ ట్రక్కుదే, 4ఎల్60ఈ. ఈ మార్పిడిలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే, అన్నిటికన్నా ముందు పోయిందీ అదే. దీంట్లో 3-4 క్లచ్ బలహీనమని తెలిసిన సంగతే. మాది మూడో ఏట మూడో గేర్‌లో జారడం మొదలుపెట్టింది, విప్పి మెరుగైన క్లచ్ ప్లేట్లు వేయించి, విడిగా ఆయిల్ కూలర్ పెట్టించాను, అప్పటినుంచి బాగుంది. యార్డు నుంచి తెచ్చిన గేర్‌బాక్స్‌ను ఎక్కించే ముందే విప్పించడం మంచిది, తర్వాత దించి ఎక్కించే కూలీ మిగులుతుంది. నచ్చింది ఎందుకంటే, పవర్‌గ్లైడ్ మొదటి గేర్ నిష్పత్తి 1.8 దగ్గర, దీనిది 3.06, సిగ్నల్ దగ్గర కదిలే తీరే మారిపోయింది. పైన 0.70 ఓవర్‌డ్రైవ్. నా వెనక యాక్సిల్ నిష్పత్తి 3.08, 70 మైళ్ల స్పీడులో పాత గేర్‌బాక్స్‌తో ఇంజిన్ 2,800 ఆర్‌పీఎం దాకా తిరిగేది, ఇప్పుడు 1,950 దగ్గర ప్రశాంతంగా ఉంటుంది. లోపల మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. హైవే మీద గ్యాలన్‌కు 13 మైళ్లు ఇవ్వడమే గగనంగా ఉండేది, ఇప్పుడు 19, 20 వస్తోంది.

క్యామ్‌షాఫ్ట్ మార్చమని చాలామంది సలహా ఇచ్చారు, మార్చలేదు, మార్చను కూడా. పెద్ద క్యామ్ వేస్తే నిలబడ్డప్పుడు గుర్రుమని ఊగే శబ్దం బాగుంటుంది, నిజమే, కానీ ఇంజిన్ వాక్యూమ్ తగ్గి బ్రేక్ బూస్టర్ గట్టిపడుతుంది, తక్కువ స్పీడులో లాగదు, ట్రాఫిక్‌లో విసుగు. ఫ్యాక్టరీ క్యామ్‌తోనే ఈ బండికి కావలసినంత కన్నా ఎక్కువే ఉంది. బ్రేకుల మాట వచ్చింది కాబట్టి, మాలిబూకు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉండేవి. ఇంజిన్ ఎక్కించకముందే ముందు చక్రాలకు డిస్కులు వేయించాను. ఆ వరస మార్చకండి.

పోగొట్టుకున్నదీ ఉంది. పాత 307 శబ్దంలో ఒక మెత్తని గరగర ఉండేది, అది ఇందులో లేదు. రెండింటి ఫైరింగ్ ఆర్డరే వేరు, ఇది బిగువుగా, కొత్త బండిలా పలుకుతుంది. బానెట్ ఎత్తితే ప్లాస్టిక్ ఇంటేక్, కాయిల్స్, తీగలు కనిపిస్తాయి. షోకి తీసుకెళ్తే పెద్దవాళ్లు కొందరు ఒక్కసారి చూసి పక్క బండి దగ్గరికి వెళ్లిపోతారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. బానెట్ ఎత్తి చూపించడమే మీకు ముఖ్యమైతే, లేదా స్క్రూడ్రైవర్‌తో సరిచేసుకోగలిగే బండి కావాలనుకుంటే, కార్బ్యురేటర్‌తో కొత్త 350 ఇంజిన్ వేసుకోండి, నేరుగా కూర్చుంటుంది, ఖర్చులో సగం కూడా కాదు.

ఖర్చంటే, ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి యార్డులో 1,500 డాలర్ల లోపే దొరికాయి, కానీ ట్యాంకు, పాన్, వైరింగ్, రేడియేటర్, ఎగ్జాస్ట్, బ్రేకులు, ఏసీ అన్నీ కలిపి పది వేలు దాటింది, అదీ చాలా పని ఇంట్లో స్నేహితులతో కలిసి చేసుకుంటేనే. టెక్సస్‌లో పొగ పరీక్ష 24 ఏళ్ల లోపు బండ్లకే, అదీ కొన్ని కౌంటీల్లోనే. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్లకు స్మాగ్ పరీక్ష లేదు. కాబట్టి 1971 బండికి కాగితాల తలనొప్పి రాలేదు. హైదరాబాద్ నుంచి హిందుస్థాన్ మోటార్స్ వారి పాత కాంటెస్సా కారు ఉన్న మిత్రులు మేమూ చేయొచ్చా అని అడుగుతుంటారు. ఆ బండికి కంపెనీయే తర్వాత ఇసుజు 1.8 ఇంజిన్ వేసి అమ్మింది, అది బాగా కలిసింది కూడా. కానీ అక్కడ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, ఆర్టీఏ అనుమతి లేకుండా ఇంజిన్ మార్చి ఆర్‌సీలో నంబర్ ఎక్కించకపోతే ఇన్సూరెన్స్ దగ్గర ఇరుక్కుంటారు. ముందు ఆఫీసుకు వెళ్లి కనుక్కున్నాకే స్పానర్ పట్టండి.

యార్డుకు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. ఇంజిన్ ఒక్కటే కొనకండి. గేర్‌బాక్స్, కోసేయని వైరింగ్ కట్ట, కంప్యూటర్, యాక్సిలరేటర్ కేబుల్ బదులు ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న ఏడాదిదైతే పెడల్, దాని మాడ్యూల్, అన్నీ ఒకే ట్రక్కువి అడగండి. ఎక్కించే ముందు ఇంజిన్ స్టాండ్ మీద ఉండగానే ఆయిల్ పంపు పీల్చే గొట్టం దగ్గరి రబ్బరు ఓ-రింగ్, ఇంటేక్ కింద దాగి ఉండే రెండు నాక్ సెన్సార్లు (ఇంజిన్ టకటకను పసిగట్టేవి) మార్చేయండి, నీళ్లు చేరి వెనక సెన్సార్ ఎక్కువగా తుప్పు పడుతుంది, తర్వాత మార్చాలంటే ఇంటేక్ మొత్తం విప్పాలి. హెడ్‌ల మీద క్యాస్టెక్ (పోత పోసిన కంపెనీ) గుర్తు ఉంటే పగుళ్ల కోసం పరీక్ష చేయించండి. వైరింగ్ కట్ట కోసేసి ఇస్తామంటే మాత్రం, ధర ఎంత తగ్గించినా నేనైతే ఇంకో యార్డు చూసుకుంటాను.