నెల్లూరు ఇంట్లో జపాన్ కకెజికు: ముందు వెనకవైపు చూడండి

కకెజికు అంటే చుట్టి దాచుకుని, కావలసినప్పుడు గోడకు వేలాడదీసే జపాన్ పటం. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఈ పాతది బుంజిన్ల, అంటే పండిత కవుల బాణీలోది. చీనా పద్ధతి పద్యం: 4 పాదాలు, పాదానికి 7 చొప్పున 28 అక్షరాలు. కాగితం సుమారు 35 సెంటీమీటర్ల వెడల్పు, 136 పొడవు. నిలువు వరసల్లో కుడి నుంచి ఎడమకు చదవాలి.

రాత అద్భుతం. కుంచెలో సిరా తగ్గేకొద్దీ గీతలో తెల్లచారలు తేలాయి, మళ్లీ ముంచిన చోట సిరా కాగితంలోకి ఊరింది. చేతిరాతేనా అన్న అనుమానముంటే భూతద్దం పెట్టండి. సన్నని చుక్కలుంటే అచ్చే. ఫొటో పద్ధతిలో వేసే పాత కొలోటైప్ అచ్చుల్లో ఆ చుక్కలు ఉండవు, కనుక గీత మీద గీత పోయిన చోట నలుపు చిక్కబడిందా అన్నది కూడా చూడాలి.

అయితే డబ్బు పెట్టేముందు అడగాల్సింది వెనకవైపు ఫొటో. సంప్రదాయ పనిలో గోధుమ గంజితో వాషి అనే పలచని జపాన్ కాగితాలు పొరలుగా అతికిస్తారు. తడిపితే ఆ పొరలు వస్తాయి, పటాన్ని మళ్లీ కొత్త పట్టుగుడ్డకు ఎక్కించవచ్చు. వేడి జిగురుతో యంత్రం మీద అతికించినదాన్ని విడదీయడం చాలా కష్టం. ఇది గంజి పనే. లోపం ఒకటుంది: కింది అంచులు లోపలికి వంగాయి. తేమకు పట్టు ఒకలా, కాగితం ఒకలా సాగి ముడుచుకుంటాయి. ఇస్త్రీ పెట్టకండి. ఫ్రేము దుకాణంలో తెల్ల జిగురుతో అట్టకు అంటించనివ్వకండి, రాత శాశ్వతంగా పాడవుతుంది.

మన ఇళ్లలో పెద్ద బెడద సీలింగ్ ఫ్యాన్. పటం ఊగి, అడుగు కర్ర గోడకు కొట్టుకుంటుంది. కర్ర రెండు చివర్లకూ ఫూచిన్ అనే బరువులు తగిలిస్తే కొంత నిలుస్తుంది, ఫ్యాన్ జోరుగా తిరిగితే అవీ చాలవు. నేరుగా ఎండ పడే గోడ అసలే వద్దు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టిన రోజున చుట్టకండి, చిక్కుకున్న తేమకు గోధుమరంగు మచ్చలు లేస్తాయి. సంక్రాంతి దాటాక పొడిరోజు చూసి నీడలో ఆరనిచ్చి, వదులుగా చుట్టండి. బిగిస్తే అడ్డంగా మడతలు విరుగుతాయి. కట్టుతాడు కింద కాగితం ముక్క పెట్టండి. వెంకటగిరి చీరకు చేసినట్టే మల్లుగుడ్డ చుట్టి చెక్కపెట్టెలో దాచండి, ప్లాస్టిక్ కవరు మాత్రం వద్దు.